ఇంటి ముందు తోట వేయించే ముందు: వరంగల్‌లో ఖర్చును అంచనా వేసుకునే విధానం

హనుమకొండ, కాజీపేట, వరంగల్ శివార్లలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు గృహప్రవేశం దగ్గరపడగానే తోట పనివారిని పిలిచి అడిగే మొదటి ప్రశ్న "అడుగుకు ఎంత పడుతుంది?" అన్నదే. ఈ ప్రశ్నకు ఒకరు 60 రూపాయలని, మరొకరు 130 అని, ఇంకొకరు 300 అని జవాబిస్తారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పకపోవచ్చు. మొదటివారు ఉన్న నేల మీదనే గడ్డి పరిచి నాలుగు మొక్కలు నాటే పనికి ధర చెప్పి ఉంటారు, రెండవవారు మట్టి మార్చడాన్ని కూడా కలిపి ఉంటారు, మూడవవారు బండలు, దీపాలు, నీటి పైపులు అన్నీ లెక్కలో వేసి ఉంటారు. కాబట్టి చదరపు అడుగు ధర ఒక్కటే చూసి ఎవరు చౌక, ఎవరు ప్రియం అని తేల్చడం సాధ్యం కాదు. కొటేషన్‌ను మట్టి, మొక్కలు, బండలు, నీరు, కూలి అని విడివిడిగా రాయించుకున్నప్పుడే పోలిక కుదురుతుంది. అలా రాయించుకున్న తరువాత అన్నిటికంటే ముందు చూడవలసింది మొక్కల పట్టికను కాదు, మట్టికి ఎంత కేటాయించారన్న సంగతిని.

ఇక్కడ ఇచ్చే రూపాయల అంకెలు మన ప్రాంతంలో బేరం మొదలుపెట్టడానికి పనికివచ్చే ఉజ్జాయింపులు మాత్రమే. దూరాన్ని బట్టి, కాలాన్ని బట్టి, మీ వీధిలోకి ట్రాక్టర్ వస్తుందా లేదా అన్నదాన్ని బట్టి అవి పెరుగుతాయి, తగ్గుతాయి.

కొలత

మనం ప్లాట్లను గజాల్లో కొంటాం, తోట పనివారు ధరను చదరపు అడుగుల్లో చెబుతారు. ఒక గజానికి తొమ్మిది చదరపు అడుగులు. 200 గజాల ప్లాటులో ఇల్లు, పోర్టికో, కారు దారి, సంపు, సెప్టిక్ ట్యాంకు పోను తోటకు మిగిలేది చాలా ఇళ్లలో 40 నుంచి 60 గజాలే, అంటే 360 నుంచి 540 చదరపు అడుగులు. పనివారు వచ్చి టేపు పట్టేలోపే మీరు స్వయంగా కొలిచి, ఒక కాగితం మీద హద్దులు గీసి, సంపు మూత, బోరు, మురుగు పైపు, ఇంకుడు గుంత ఎక్కడ ఉన్నాయో గుర్తుపెట్టి, ఏ మూల ఎన్ని గంటలు ఎండ పడుతుందో రాసిపెట్టుకోవాలి. ఈ కాగితాన్ని పిలిచిన ప్రతివారికీ ఒకే విధంగా చూపితేనే ముగ్గురి ధరలూ ఒకే పనికి చెప్పిన ధరలవుతాయి. ఇంకుడు గుంత మీద మట్టి పోసి గడ్డి పరిచే అలవాటు కొందరు పనివారికి ఉంది. అది చూడటానికి బాగుంటుంది గాని, వాన నీరు లోపలికి దిగే దారి మూసుకుపోతుంది కనుక ఆ చోటును వదిలేయమని ముందే చెప్పాలి. స్థలంలో పాత చెట్టు ఉండి దాన్ని కొట్టివేయాలని అనుకుంటే, కొన్ని జాతులకు మినహాయింపు ఉన్నప్పటికీ, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి అవసరమయ్యే అవకాశం ఉంది. ఆ పనిని కాంట్రాక్టరు నోటిమాటకు వదిలివేయకూడదు.

మట్టికి పెట్టే డబ్బు

కొత్త ఇంటి ముందు నేల పైకి ఎర్రగా, చదునుగా కనిపిస్తుంది. పార వేసి అరడుగు లోతు తవ్వితే సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, కంకర, సున్నం, టైల్స్ ముక్కలు, వాటి కింద ప్లాటును ఎత్తు చేయడానికి పోసిన మొరం బయటపడతాయి. మొరం పునాదికి మంచిదే. నీటిని నిలుపుకోదు, ఎండకు గట్టిపడి రాయిలా మారుతుంది, అందులో మొక్క వేరు దిగదు. దాని మీద రెండంగుళాల ఎర్రమట్టి చల్లి గడ్డి పరిస్తే వానాకాలమంతా పచ్చగానే ఉంటుంది. మాఘం దాటి ఎండ ముదిరేసరికి అక్కడక్కడా పసుపు మచ్చలు మొదలై, రోహిణి కార్తె నాటికి చాప చుట్టినట్టు ఊడి వస్తుంది. చౌక కొటేషన్‌కు, సరైన కొటేషన్‌కు మధ్య ఉన్న తేడాలో ఎక్కువ భాగం ఇక్కడే దాగి ఉంటుంది. తవ్వడం, చెత్త ఎత్తిపోయడం, మంచి మట్టి తేవడం అన్న మూడు పనులను వదిలేసినవారు ఎప్పుడూ తక్కువ ధరకే వస్తారు.

లాన్‌కు కనీసం ఆరంగుళాలు, పూల మొక్కల మడులకు తొమ్మిది నుంచి పన్నెండంగుళాలు మంచి మట్టి ఉండాలి. మాట ఇచ్చిన లోతు నిజంగా పడిందా లేదా అని చూడటానికి, మట్టి పరిచిన రోజు సాయంత్రం ఒక ఇనుప చువ్వను మూడు నాలుగు చోట్ల గుచ్చి చూస్తే చాలు. నేల స్వభావం తెలుసుకోవడానికి అడుగు లోతు గుంత తీసి, దాని నిండా నీరు పోసి ఇంకిపోనిచ్చి, మళ్లీ నింపి చూడాలి. రెండోసారి పోసిన నీరు మరునాటి ఉదయానికి కూడా నిలిచి ఉంటే అది రేగడి నేల గాని, గట్టిపడిన నేల గాని అయి ఉంటుంది. అక్కడ మట్టితో పాటు నీరు బయటికి పోయే దారి కోసం కూడా ఖర్చు పెట్టవలసి వస్తుంది. హనుమకొండ పరిసరాల చలక నేలల్లో ఈ ఇబ్బంది తక్కువ, పరకాల వైపు నల్లరేగడి ప్లాట్లలో ఎక్కువ.

మట్టిని ట్రాక్టర్ ట్రిప్పుల లెక్కన అమ్ముతారు, కాని ట్రిప్పు అన్నది ఒక కొలత కాదు. ట్రాలీ పొడవు, వెడల్పు, మట్టి నిండిన ఎత్తు అడుగుల్లో కొలిచి గుణిస్తే ఎన్ని ఘనపుటడుగులు వచ్చిందో తెలుస్తుంది. నిండుగా పోసిన ట్రాలీలో దాదాపు 90 నుంచి 100 ఘనపుటడుగులు పడితే, పక్క పలక అంచుకు జానెడు కిందికే నింపిన ట్రాలీలో మట్టి బాగా తగ్గిపోతుంది. మొదటి ట్రిప్పు దిగే ముందు ఒక్కసారి టేపు పెడితే మిగతా ట్రిప్పులు వాటంతట అవే నిండుగా వస్తాయి. ఎర్రమట్టి ట్రిప్పుకు 1,500 నుంచి 2,500 రూపాయలు, బాగా మాగిన పశువుల ఎరువుకు 2,500 నుంచి 4,000 రూపాయలు అడుగుతారు. చెరువు మట్టి చౌకగా దొరుకుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసినప్పుడు ఆ మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు, పొలానికి అది బలమే. కాని ఇంటి లాన్‌లో అదొక్కటే పోస్తే తడిసినప్పుడు బంక, ఎండినప్పుడు పెళ్ల అవుతుంది, పైగా తుంగ గడ్డలు వెంట వస్తాయి. ఒకసారి లాన్‌లోకి దిగిన తుంగను తీయించడానికి పెట్టే కూలి, మట్టిలో మిగిలిన డబ్బును మించిపోతుంది. మాగని పచ్చి పెంట వల్ల వేళ్లు మాడటమే కాకుండా చెదలు కూడా చేరుతాయి కనుక, చేతిలోకి తీసుకుంటే వాసన లేకుండా పొడిపొడిగా రాలే ఎరువునే దించుకోవాలి.

ఒక లెక్క

60 గజాల తోట, అంటే 540 చదరపు అడుగులు తీసుకుందాం. అందులో 300 అడుగుల లాన్, 180 అడుగుల పూల మడులు, 60 అడుగుల నడక దారి అనుకుందాం. అన్నిచోట్లా తొమ్మిదంగుళాలు తవ్వితే 405 ఘనపుటడుగుల చెత్త, మొరం బయటికి పోవాలి. తవ్విన మట్టి ఉబ్బుతుంది కనుక ఐదు ట్రిప్పులవుతుంది. ట్రిప్పుకు 1,200 చొప్పున 6,000, తవ్వి ఎత్తడానికి ఆరుగురు మనుషుల ఒక రోజు పని 800 చొప్పున 4,800. కొత్తగా పోసే మట్టి వానలకు దిగుతుంది కనుక ఐదో వంతు అదనంగా తెప్పించుకోవాలి. నాలుగు ట్రిప్పుల ఎర్రమట్టికి 2,000 చొప్పున 8,000, రెండు ట్రిప్పుల ఎరువుకు 3,500 చొప్పున 7,000, కలిపి పరచడానికి ముగ్గురి కూలి 2,400. మట్టి పని మొత్తం 28,200 రూపాయలైంది.

లాన్‌కు గడ్డి, పరిచే కూలి కలిపి అడుగుకు 22 చొప్పున 6,600. ప్రహరీ వెంట వరుసగా పెట్టే చిన్న మొక్కలు 60, ఒక్కొక్కటి 30 చొప్పున 1,800. మందారం, నందివర్ధనం, నూరువరహాల వంటివి 15, ఒక్కొక్కటి 150 చొప్పున 2,250. ఎదిగిన పెద్ద మొక్కలు మూడు, 1,200 చొప్పున 3,600. నాటే కూలి 1,600. తాండూరు బండల దారికి పనితనంతో కలిపి అడుగుకు 90 చొప్పున 5,400. డ్రిప్ పైపులు, చిన్న టైమరు 9,000. అన్నీ కలిపితే 58,450. కాంట్రాక్టరు తన వంతుగా 15 శాతం వేసుకుంటే 67,000 దాటుతుంది, అంటే చదరపు అడుగుకు 125 రూపాయల దరిదాపు. అసలు ఖర్చులో దాదాపు సగం మట్టికే పోయిందని గమనించాలి. ఇదే స్థలానికి ఎవరైనా 35,000 చెబితే వారు ఏ మొక్క తగ్గించారని అడగనవసరం లేదు, ఎన్ని ట్రిప్పులు తగ్గించారని అడగాలి. ఎవరైనా లక్షన్నర చెబితే అందులో బండలు, దీపాలు, నీటి ఫౌంటెన్ ఉండే ఉంటాయి. అవి మీరు కోరుకున్నవేనా అని చూసుకుంటే సరిపోతుంది.

మొక్కలు

మన నర్సరీల్లో అమ్మే మొక్కల్లో చాలా భాగం గోదావరి తీరాన ఉన్న కడియం ప్రాంతం నుంచి లారీల్లో వస్తాయి. లారీ దిగిన రోజు అవి నిగనిగలాడుతూ ఉంటాయి, రెండు వారాలు ఇక్కడి ఎండ, ఇక్కడి నీరు తిన్న తరువాతే వాటి అసలు శక్తి తెలుస్తుంది. అందువల్ల నర్సరీలో కొన్నాళ్లుగా నిలిచి కొత్త చిగురు వేసిన మొక్కను ఎంచుకోవడం మంచిది. ధర మొక్క పేరును బట్టి ఎంత మారుతుందో కవరు సైజును, ఎత్తును బట్టి అంతకంటే ఎక్కువ మారుతుంది కనుక, కొటేషన్‌లో "మందారం – 10" అని రాస్తే చాలదు, కవరు కొలత, మొక్క ఎత్తు కూడా రాయించాలి. దించిన మొక్కల్లో ఒకదాని కవరు అడుగున చీల్చి చూడండి. తెల్లటి వేళ్లు మట్టిని పట్టుకొని ఉంటే మంచి మొక్క. వేళ్లు గోధుమరంగులోకి తిరిగి కవరు అడుగున చుట్టలు చుట్టుకొని ఉంటే అది ఆ కవరులో మరీ ఎక్కువ కాలం ఉన్నదని అర్థం, అటువంటి మొక్క నాటిన తరువాత కూడా ఎదగదు.

రాయల్ పామ్, ఫాక్స్‌టెయిల్ పామ్ వంటివి ఇంటి ముందు హోదాగా కనిపిస్తాయి గనుక కాంట్రాక్టర్లు వాటినే ముందు చూపిస్తారు. ఎత్తును బట్టి ఒక్కొక్కటి వెయ్యిన్నర నుంచి ఐదు వేలు, ఆపైన కూడా ఉంటుంది. నా అభిప్రాయంలో 200 గజాల ఇంటికి అవి అనవసరం, కరెంటు తీగల కింద అయితే ప్రమాదం కూడా. బోరు నీటిలో ఉప్పు ఎక్కువగా ఉన్న కాలనీల్లో అరెకా పామ్ ఆకుల కొనలు మాడిపోతూనే ఉంటాయి. గన్నేరు, కాగితం పూలు, రాధామనోహరం, పారిజాతం మన ఎండను తట్టుకుంటాయి, ధరలోనూ తేలికే. తొందరగా పెరుగుతుందని చెప్పి కోనోకార్పస్‌ను ప్రహరీ వెంట పెట్టిస్తామంటే ఒప్పుకోవద్దు, దాని వేళ్లు నీళ్ల పైపుల్లోకి, సంపు గోడల్లోకి దూరుతాయి. జామ, దానిమ్మ పెట్టుకోవాలనుకునేవారు కోతుల సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి. మన కాలనీల్లో చాలాచోట్ల పిందె నిలిచేది ఇనుప జాలీ ఉన్న ఇంట్లోనే, ఆ జాలీ ఖర్చు మొక్కల ఖర్చుకు అనేక రెట్లు ఉంటుంది.

బండలు, పేవర్లు

దీని గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. మనుషులు నడిచే చోట 60 మిల్లీమీటర్ల పేవర్లు చాలు, కారు ఎక్కే చోట 80 మిల్లీమీటర్లవి వేయించాలి. పరిచే కూలి, కింద పోసే రాతి డస్ట్, అంచు కట్టే రాళ్లు ఇవి మూడూ అడుగు ధరలో ఉన్నాయా లేక విడిగా వేస్తారా అని అడగాలి. తాండూరు, షాబాదు బండలు పేవర్ల కంటే చల్లగా, చౌకగా ఉంటాయి గాని సందుల్లో గడ్డి మొలుస్తుంది.

నీరు

ఈ భాగాన్ని ఎవరూ కొటేషన్‌లో రాయరు, కాని ప్రతి నెలా కట్టేది ఇదే. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే అది ఒక లీటరు. 43 డిగ్రీలు దాటే మన వేసవిలో లాన్‌కు రోజుకు దాదాపు ఐదు మిల్లీమీటర్ల నీరు కావాలి. పై లెక్కలోని 300 అడుగుల లాన్ సుమారు 28 చదరపు మీటర్లు గనుక దానికి రోజుకు 140 లీటర్లు, మడులకు డ్రిప్ ద్వారా మరో 60 లీటర్లు, అంటే నెలకు 6,000 లీటర్లు. బోరు నిలకడగా పోసే ఇంటికి ఇది పెద్ద లెక్క కాదు. ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎండి ట్యాంకరు తెప్పించుకునే ఇంటికి మాత్రం 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటి తోటకే పోయి ఇంకా చాలదు. అటువంటి ఇళ్లవారు లాన్‌ను 300 నుంచి 100 అడుగులకు తగ్గించుకొని మిగతా చోట మడులు పెంచడం మేలు. మడుల్లో ఎండుటాకులు, కొబ్బరి పీచు పరిస్తే తడి ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించి, ఉప్పు ఎంత ఉందో తెలుసుకున్న తరువాతే మొక్కల పట్టిక ఖాయం చేసుకోవాలి. ఆ పరీక్షకు పెట్టే డబ్బు ఒక పామ్ మొక్క ధర కంటే తక్కువే.

కాలం, కూలి, గుత్త

అడ్డా మీది కూలీల రేటు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. జూలై, ఆగస్టులో వరి నాట్లు, అక్టోబరు నుంచి పత్తి ఏరడం, వరి కోతలు మొదలైతే చుట్టుపక్కల ఊళ్ల నుంచి నగరానికి వచ్చే మనుషులు తగ్గిపోతారు, దొరికినవారికి రోజుకు వంద, నూటయాభై ఎక్కువ ఇవ్వవలసి వస్తుంది. అందుచేత తవ్వకం, బండలు, పైపుల వంటి గట్టి పనులను వేసవిలో ముగించి, మట్టిని మృగశిర కార్తెకు ముందు పరిపించి, రెండు మంచి వానలు పడి ఆ మట్టి దిగిన తరువాత మొక్కలు నాటించడం డబ్బుకూ మొక్కకూ కూడా కలిసివస్తుంది. మే నెలలో గృహప్రవేశం ఉందని ఆ వారంలోనే తోట కావాలంటే కాంట్రాక్టరు కాదనడు, కాని చచ్చిపోయే మొక్కల ఖర్చును ముందే ధరలో కలుపుకుంటాడు.

పనిని కూలి లెక్కన చేయించాలా, గుత్తకు ఇవ్వాలా అన్న ప్రశ్నకు జవాబు మీరు దగ్గర ఉండి చూసుకోగలరా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. రోజంతా ఇంట్లో ఉండేవారికి మట్టి పనిని కూలి లెక్కన చేయించడం లాభం. ఉద్యోగానికి వెళ్లేవారు గుత్తకు ఇవ్వడమే నయం, అయితే గుత్త కాగితంలో మట్టి లోతు అంగుళాల్లో, ట్రాలీ కొలత అడుగుల్లో, మొక్కల సంఖ్య, ఎత్తు, చెత్త ఎత్తిపోసే బాధ్యత ఎవరిదన్నది స్పష్టంగా ఉండాలి. "లాన్ వర్క్, లంప్‌సమ్" అని ఒకే వరుసలో రాసి కింద ఒక అంకె వేసిన కాగితం మీద సంతకం చేయవద్దు.

డిజైన్ గీసి ఇచ్చేవారు విడిగా రుసుము అడగడం న్యాయమే. చిన్న తోటకు ఐదు వేలు, పదివేలు అడిగి, పని వారికే ఇస్తే అందులో నుంచి తగ్గించడం ఎక్కువగా కనిపించే పద్ధతి. జీఎస్టీ విషయంలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. నమోదైన కాంట్రాక్టరు తోట పనికి 18 శాతం వేస్తారు, పై లెక్కలో అది మరో 12,000 అవుతుంది. కొటేషన్‌లో రాసిన మొత్తం పన్నుతో కలిపా, పన్ను కాకుండానా అని ముందే అడగాలి. సేవలపై ఏడాదికి 20 లక్షల లోపు రాబడి ఉండి నమోదు చేసుకోనివారు మీ దగ్గర జీఎస్టీ పేరుతో డబ్బు వసూలు చేయడానికి వీల్లేదు. నర్సరీ నుంచి మీరే నేరుగా కొన్న బతికి ఉన్న మొక్కల మీద జీఎస్టీ లేదు కాబట్టి, మొక్కలను మీరు కొని కూలిని, మట్టిని వారికి అప్పగించడం కొందరికి గిట్టుబాటవుతుంది. అయితే అప్పుడు చనిపోయిన మొక్కకు పూచీ వారిది కాదు.

చెల్లింపు, ఆ తరువాతి నెలలు

పని ఒప్పుకున్నప్పుడు పావు వంతు నుంచి 30 శాతం వరకు అడ్వాన్సు ఇవ్వవచ్చు. రెండో విడత మట్టి పరిచి, మీరు చువ్వ గుచ్చి లోతు చూసిన తరువాత, మూడో విడత మొక్కలు నాటి పైపుల్లో నీరు పారిన తరువాత ఇవ్వాలి. చివరి పది శాతాన్ని 60 రోజుల వరకు మీ దగ్గరే ఉంచుకొని, ఆలోపు చనిపోయిన మొక్కలను మార్చిన తరువాత చెల్లిస్తామని కాగితంలోనే రాసుకోవాలి. అయితే నీరు పెట్టే బాధ్యత ఎవరిదో అదే చోట రాయకపోతే, మొక్క ఎందుకు చచ్చిందన్న వాదన ఎటూ తేలదు.

మాలి నెలకు రెండుసార్లు వచ్చి గడ్డి కత్తిరించి, కలుపు తీసి, మందు కొట్టి వెళ్లడానికి ఇంత చిన్న తోటకు 1,500 నుంచి 2,500 రూపాయలు తీసుకుంటారు. ఎరువు, మందు, కత్తిరింపు యంత్రం ఎవరు తెస్తారన్నది ఆ మొత్తాన్ని బట్టి మారుతుంది. వానాకాలంలో గడ్డి వారం వారం పెరుగుతుంది కనుక జూలై నుంచి సెప్టెంబరు వరకు నెలకు నాలుగు రాకలు, చలికాలంలో నెలకు ఒక్కటి అని ఏడాదికి కలిపి మాట్లాడుకుంటే, ప్రతి నెలా ఒకే మొత్తం ఇవ్వడం కంటే తోటకూ మీకూ మంచిది. ఫిబ్రవరి చివర లాన్ మీద పలుచగా పోసే ఎరువు కలిపిన మట్టి, మేలో ఎండిన మచ్చల్లో కొత్త గడ్డి అతకడం అనే రెండు పనులు ఆ ఏడాది ఒప్పందంలో ఉన్నాయో లేవో చూసుకోవాలి. లేకపోతే ఆ రెండింటికీ విడిగా మూడు నాలుగు వేలు పక్కన పెట్టుకోవాలి.